బొగ్గుసీమ ఎండలు - సైకిలు ప్రయాణము

వేసవి ప్రవేశించినది మొదలు వాతావరణశాఖవారు దినదినము ప్రకటించు పట్టికలలో రామగుండము పేరు మొదటి వరుసలలోనే కన్పట్టుట మన పాఠకులెల్లరకు తెలిసిన సంగతియే. మే మాసమున నిచ్చట నలువది డిగ్రీలు దాటుట నిత్యకృత్యము. 45 డిగ్రీలు దాటిన దినములును జనులకు క్రొత్తవి కావు. మైదానప్రదేశములందు ఉష్ణమానము 45 డిగ్రీలు ముట్టినచో వడగాలి యనియు, 47 డిగ్రీలు ముట్టినచో తీవ్రమైన వడగాలి యనియు వాతావరణశాఖవారు నిర్ణయించియున్నారు. రోహిణికార్తెలో రోళ్లు పగులునను సామెతకు గోదావరిఖనియందు వ్యాఖ్యాన మక్కరలేదు.

ఇట్టి సీమలో పట్టణవాసులు మరల సైకి లెక్కవలయునని కొందరు బోధించుచున్నారు. పెట్రోలు వ్యయము తగ్గును, పొగ తగ్గును, దేహమునకు వ్యాయామము కలుగునని వారి వాదము. ఇది చలిదేశపు మాట, ఈ నిప్పులకుంపటిలో సైకిలు త్రొక్కుమనుట ప్రాణము తీయుటయేయని మరికొందరు పరిహసించుచున్నారు. ఉభయపక్షములందును కొంత సత్యము కలదు. కాని యా రెండు పక్షములవారును ముఖ్యమైన సంగతి నొకదానిని విడిచి మాటలాడుచున్నారని మా యభిప్రాయము. సైకిలునకు శత్రువు ఎండయా, లేక ఆ యెండలో నీడయు, నీరును, దారియు లేకుండుటయా యనునదియే యిచ్చట విచారింపవలసిన విషయము.

మొట్టమొదట ఈ ప్రశ్న యెవరిదో చూతము. ఎండలో సైకిలు త్రొక్కవచ్చునా యని యడుగువారు త్రొక్కకున్నను జరుగుబాటు కలవారు. త్రొక్కక తీరనివా రీ ప్రశ్న వేయనే వేయరు. 2011 జనాభాలెక్కలలో, వ్యవసాయము గాక ఇతరవృత్తులలో నున్నవారు పనికి ఏ విధమున పోవుచున్నారో విచారించిరి. దేశము మొత్తముమీద నట్టివారిలో నూటికి సుమారు 13 మంది సైకిలుపైనను, 23 మంది కాలినడకను పోవుచుండిరి. మోటారుసైకిలు, స్కూటరుపై పోవువారు సైకిలువారికన్న కొంచెము తక్కువగనే యుండిరి. తరువాతి సంవత్సరములలో మోటారుబండ్లు మిక్కిలి పెరిగినమాట నిజమే. ఐనను, తెల్లవారుజామున వీథులూడ్చుటకు పోవు స్త్రీ, గనిలో కాంట్రాక్టరుక్రింద కూలి చేయువాడు, పాలు పోయువాడు, పాఠశాలకు పోవు బాలుడు నేటికిని కాలినడకనో సైకిలుపైననో పోవుచున్నారు. సైకిలు ప్రయాణము సాధ్యమా యను చర్చ వారికి వినోదము కాదు. వారు మే మాసపు మధ్యాహ్నమున క్షేమముగ ఇల్లు చేరుదురా, చేరరా యనునదియే యా చర్చలోని సారాంశము.

ఇక రామగుండపు స్వరూప మెట్టిది? 1871లో ఇల్లెందు ప్రాంతమున భూగర్భపరిశోధకుడగు విలియం కింగు దొర బొగ్గును గుర్తించుటయు, 1889లో త్రవ్వకము ఆరంభమగుటయు, 1920లో సింగరేణి కంపెనీ యేర్పడుటయు, 1945లో దానిలో నధికభాగము నిజాము ప్రభుత్వపు వశమగుటయు చరిత్ర. గోదావరితీరమున రామగుండము గనులు దాని తరువాతి తరమునకు చెందినవి. బొగ్గును వెన్నంటి విద్యుత్తు వచ్చినది. 1978లో జాతీయ ఉష్ణవిద్యుత్సంస్థవారి కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. ఎరువుల కర్మాగారము వెలసి, 1999లో మూతబడి, 2021లో క్రొత్త సంస్థక్రింద మరల నుత్పత్తి ప్రారంభించినది. గనికొక కాలని, కర్మాగారమున కొక కాలని చొప్పున ఊరు పెరిగినది. యైటింక్లయిన్ కాలని, పవర్‌హౌస్ కాలని, మార్కండేయ కాలని, జ్యోతినగరము, ఇటు గోదావరిఖని చౌరస్తా, అటు రామగుండము రైలుస్టేషను - ఇవి యన్నియు కలిసి 2009లో నగరపాలకసంస్థ యైనది. 2011 లెక్కలప్రకారము జనసంఖ్య సుమారు 2 లక్షల 30 వేలు.

ఈ ఊరు ఒక్క ముద్దగ నున్న నగరము కాదు. విడివిడిగ పరచిన పూసలదండ. ఒక పూసనుండి మరొక పూసకు దూరము సామాన్యముగ పది కిలోమీటర్లకు లోపడియే యుండును. నేల చాలవరకు చదును. నడచుటకు దూరము, మోటారునకు దగ్గర యగు నిట్టి కొలతకే సైకిలు పుట్టినది. మన తండ్రులకాలమున అన్నపుగిన్నెను హ్యాండిలుకు తగిలించుకొని, షిఫ్టువేళకు బాయికి సైకిలుపై పోయిన కార్మికులు వేలకొలది. గనులవద్ద సైకిలుస్టాండు లుండుట యందువలననే. ఆనాడును మే మాసము మే మాసమే, రోహిణికార్తె రోహిణికార్తెయే. ఆనాడు త్రొక్కిన సైకిలు నేడు మూలబడుటకు ఎండ యొక్కటియే కారణమనుట ఎట్లు పొసగును?

కారణములు వేరుగ నున్నవి. జీతములు పెరిగి, బ్యాంకులు అప్పులిచ్చి, మోటారుసైకిలు సులభమైనది. దానిని కొన్నవారిని నిందింపరాదు. భూగర్భగనుల ప్రాధాన్యము తగ్గి, ఓపెన్‌కాస్టు గనులు విస్తరించి, సింగరేణి బొగ్గులో నత్యధికభాగ మిప్పుడు వానినుండియే వచ్చుచున్నది. 2023-24 సంవత్సరమున కంపెనీవారు 7 కోట్ల టన్నుల బొగ్గును తీసిరి. బొగ్గు లారీలు, మట్టి లారీలు, విద్యుత్కేంద్రపు బూడిద లారీలు దారులను నిండినవి. రాజీవ్ రహదారి వెడల్పై వాహనముల వేగము హెచ్చినది. వెడల్పు చేయబడిన ప్రతి దారియందును మొదట కూలునది ప్రక్కనున్న వేపచెట్టే గదా! కావున సైకిలువానికి మూడు విధముల నష్టము వాటిల్లినది. నెత్తిపై నీడ పోయినది. ప్రక్కన లారీ వచ్చినది. ముక్కున ధూళి చేరినది. ఈ మూటిని కలిపి మనము "ఎండ" యని పేరు పెట్టుచున్నాము.

ఎండ దేహమున కేమి చేయునో కొంత శాస్త్రరీతిగ తెలిసికొనుట మంచిది. మన చర్మపు ఉష్ణమానము 35 డిగ్రీల ప్రాంతము. గాలి యంతకన్న చల్లగ నున్నంతవరకు దేహములోని వేడిమి గాలిలోనికి పోవును. గాలి యంతకన్న వేడెక్కినచో నది తిరుగబడి, గాలిలోని వేడిమియే దేహములోనికి వచ్చును. అప్పుడు మిగిలిన రక్షణ చెమట యొక్కటియే. ఒక లీటరు చెమట ఆవిరియగునపుడు సుమారు 580 కిలోకేలరీల వేడిమిని తనతో కొనిపోవును. బొగ్గుసీమ మే మాసపు గాలి పొడిగాలి గనుక చెమట వెనువెంటనే యారిపోవును. ఇది మేలును, కీడును కూడ. దేహము చల్లబడుట మేలు. ఎంత నీరు కోల్పోయితిమో తెలియకపోవుట కీడు.

ఇప్పు డొక చిన్న లెక్క వేయుదము. అయిదు కిలోమీటర్ల దూరము పోవలసిన కార్మికు డొకడున్నాడు. గంటకు 15 కిలోమీటర్ల మితవేగముతో సైకిలుపై పోయినచో నతడు ఎండలో నుండునది 20 నిమిషములు. నడచిపోయినచో సంపూర్ణముగ నొక గంట. మితవేగమున సైకిలు త్రొక్కువానికి గంటకు సుమారు 300 కిలోకేలరీల శక్తి వ్యయమగునని అనుకొన్నచో, ఈ ప్రయాణమునకు వానికి పట్టునది 100 మాత్రమే. నడచువానికి దానికి రెట్టింపునకు మించి పట్టును. పైగా సైకిలు కదలుచున్నంతసేపు తన గాలిని తానే పుట్టించుకొనును. ఆ గాలి చెమట నార్చును. కావున "ఎండలో సైకిలు కష్టము, నడచి పొమ్ము" అను సలహా సలహాయే కాదు. ఆటోకొరకు చౌరస్తాలో నీడ లేనిచోట అరగంట నిలుచుటయు సైకిలుకన్న మేలు కాదు. ఎండలో మనిషిని చంపునది శ్రమ యొక్కటియే కాదు, కాలము. ఎంతసేపు ఎండలో నున్నాడనునదియే ముఖ్యము.

ఐతే ఈ లెక్కకు హద్దులు కలవు. వానిని దాచుట మోసము. 2015 మే మాసపు వడగాలులలో రెండు తెలుగు రాష్ట్రములందును కలిపి రెండువేలకు పైగా జనులు మరణించిరి. వారిలో అధికులు ఎండలో పనిచేయువారును, వృద్ధులును, బీదలును. దేహాంతర్భాగపు ఉష్ణమానము 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, తెలివి తప్పినచో నది వడదెబ్బ. తత్క్షణము చల్లబరచి వైద్యునికడకు చేర్చవలయును. 45 డిగ్రీల దినమున మధ్యాహ్నము పండ్రెండు మొదలు నాలుగువరకు, నీడ లేని తారురోడ్డుమీద, వృద్ధులును, గుండెజబ్బు గలవారును, గర్భిణులును, చిన్నపిల్లలును సైకిలు త్రొక్కరాదని మేము నిస్సంకోచముగ చెప్పుచున్నాము. ఆ వేళ బలవంతులుకూడ తప్పనిసరియైననే బయలుదేరవలయును. సైకిలు పక్షమువారు ఈ మాటను తామే ముందుగ చెప్పినచో వారి మిగిలిన మాటలకు విలువ పెరుగును.

మరి యా నాలుగు గంటలు సంవత్సరములో నెంత? తీవ్రమైన ఎండలు సుమారు ఆరేడు వారములు. ఆ వారములలోను ఉదయము తొమ్మిదిలోపల, సాయంకాలము ఆరు దాటినపిమ్మట త్రొక్కుటకు వీలు కలదు. చలికాలమున నీసీమకు మించిన సైకిలుసీమ లేదు. కావున నలువది, ఏబది దినముల మధ్యాహ్నములను చూపి మూడువందల దినముల ఉదయములను, సాయంకాలములను కాదనుట న్యాయము కాదు.

వర్షకాలపు కష్టము వేరు. మృగశిర ప్రవేశించి, వానలు నిలద్రొక్కుకొనుటకు ముందు వచ్చు ఉక్కపోత దినములు పొడియెండకన్న మోసకారులు. ఉష్ణమానము నాలుగైదు డిగ్రీలు తగ్గినను గాలిలో తేమ యుండుటచే చెమట యారదు. ఆరని చెమట దేహమును చల్లబరచదు. జను లెండ తగ్గినదని ధైర్యముచేయు దినము లవియే. తరువాత వానలు. 2022 జూలైలో గోదావరి పొంగి భద్రాచలమున 71 అడుగులు దాటినపుడు మంథని మున్నగు ఊళ్లు పడిన యవస్థ జ్ఞాపక ముండియే యుండును. అట్టి దినములలో ఏ వాహనమును కదలదు. సామాన్యమైన వానలో సైకిలునకు ఆటంకము వాన కాదు. బొగ్గుధూళి తడిసి తారుమీద ఏర్పడు నల్లబురద, నీరు నిలిచి కంటికి కానరాని గుంతలు, మూతలు లేని కాలువలు. చక్రపుటంచును పట్టు బ్రేకు తడిసినపుడు ఆలస్యముగ పట్టును. ఇవన్నియు మురుగుకాలువల శాఖయు, దారుల శాఖయు బాగుచేయదగిన లోపములే గాని దైవకృతములు కావు.

ప్రపంచమున నితరు లేమి చేసిరో చూతము. ఫిన్లండుదేశమున ఔలు అను పట్టణము కలదు. జనసంఖ్య రెండులక్షలకు పైబడి మన రామగుండమునకు సమీపముగ నున్నది. ఉత్తరధ్రువవృత్తమున (ఆర్కిటిక్ వృత్తమున) కనతిదూరముననుండి, నెలలకొలది మంచులో మునిగియుండు ఊరది. అచ్చట సంవత్సరము మొత్తముమీద ప్రతి అయిదు ప్రయాణములలో నొకటి సైకిలుపై జరుగును. గడ్డకట్టు చలికాలమునను పదింట నొకటికి తగ్గదు. వారు చలిని జయించినవా రనుకొందుమా? వారు చేసినది మంచు నెత్తుటయే. మోటారుదారులకు దూరముగ వందలకొలది కిలోమీటర్ల సైకిలుదారులను వేసి, తెల్లవారకముందే వానిపై మంచును తొలగించుదురు. చలికాలపు సైకిలు ప్రయాణమును గూర్చిన అంతర్జాతీయసభ 2013లో మొదట నా యూరనే జరిగినది.

మంచుదేశపు సాక్ష్యము మనకు చాలదనువారు స్పెయినుదేశపు సెవిల్ నగరమును చూడవచ్చును. వేసవిలో నలువది డిగ్రీలు దాటు నగరమది. 2006 ప్రాంతమువరకు నచ్చట సైకిలుపై జరుగు ప్రయాణములు నూటికి ఒకటియైన లేవు. నాలుగైదు సంవత్సరములలో సుమారు 80 కిలోమీటర్ల దారిని మోటారుబండ్లనుండి గట్టుతో వేరుచేసి, ఒకదానితో నొకటి కలియునట్లు నిర్మించిరి. సైకిలు ప్రయాణములు నూటికి ఆరుకు పెరిగినవి. ఆ నాలుగైదేండ్లలో అచ్చటి సూర్యుడు చల్లబడలేదు. ఔలువారు మంచు నెత్తిరి; సెవిల్‌వారు మోటారును వేరుచేసిరి. మనము చేయవలసినది నీడ వేయుట.

నీడవలన గాలి ఉష్ణమానము కొంచెమే తగ్గును; కాని సూర్యకిరణము సూటిగ దేహమునకు తగులకుండుటచే మనిషి యనుభవించు వేడిమి మిక్కిలి తగ్గును. మధ్యాహ్నపు తారునేల గాలికన్న ఎంతో వేడెక్కి, క్రిందినుండియు మనిషిని కాల్చును. నీడపడిన తారు కాల్చదు. ఇది శాస్త్రజ్ఞుడు చెప్పనక్కరలేదు, చెట్టుక్రింద నిలుచు ఎద్దు చెప్పును.

ఈ పని మన రాష్ట్రములోనే జరిగినది. హైదరాబాదు బాహ్యవలయరహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలుదారిని నిర్మించి, దానిపై సౌరఫలకములనే కప్పుగ వేసి, 2023 అక్టోబరు 1వ తేదీన ప్రారంభించిరి. ఆ కప్పు 16 మెగావాట్ల విద్యుత్తును పుట్టించుటకు నిర్మింపబడినది. కప్పు నీడ నిచ్చుచు ఖర్చును తానే రాబట్టుకొనును. అయితే ఆ దారి ముఖ్యముగ ఉదయవ్యాయామమునకు పోవు వారికి ఉపయోగపడునది. కూలికి పోవువాని దారిలో లేదు. ఆ యాలోచనను తగినచోట నాటవలసియున్నది. రామగుండముకన్న తగినచోటు వేరొకటి కలదా? జాతీయ ఉష్ణవిద్యుత్సంస్థవారు తమ జలాశయముపై తేలియాడు 100 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రమును 2022 జూలైలో పూర్తిచేసిరి. సింగరేణివారును సౌరవిద్యుత్కేంద్రములను నెలకొల్పియున్నారు. నీటిమీద పరచిన ఫలకములను దారిమీద పరచుట వారి యింజనీర్ల కొక గొప్ప విద్య కాదు. నీటికి నీడ పట్టినవారు మనిషికి నీడ పట్టలేరా?

ప్రతి వీథికిని కప్పు వేయుమని మేము కోరుటలేదు. కాలనీలనుండి గనులకును, కర్మాగారములకును, చౌరస్తాకును, రైలుస్టేషనుకును పోవు ముఖ్యమైన నాలుగైదు దారులను ఎన్నుకొని, లారీదారినుండి గట్టుతో వేరుచేసి, నీడ తెగకుండ కల్పింపవలయును. కప్పు వేయుటకు వీలులేనిచోట చెట్లు. చెట్టన్నచో పూలకొరకు విభజకములమధ్య నాటు మొక్కలు కావు. వేప, కానుగవంటి వెడల్పైన నీడ నిచ్చునవి, దారికి పడమరవైపున నాటవలయును. ఏలయన, మనిషిని బాధించునది సాయంకాలమునకు వాలు పడమటి ఎండ. 2015 మొదలు హరితహారము పేర రాష్ట్రమున మొక్కలు నాటిరి. సింగరేణివారును ఏటేట నాటుచునే యున్నారు. నాటిన సంఖ్యకన్న దారిపై పడిన నీడను కొలుచుట యారంభమైన దినమున ఫలితము కన్పట్టును. చెట్టు పెరుగుటకు ఏడెనిమిదేండ్లు పట్టును గనుక, అంతవరకు సిగ్నళ్లవద్దను, చౌరస్తాలవద్దను ఆకుపచ్చ వలలు కట్టుట వంటి చిన్నపనులు కొన్ని పట్టణములలో జరిగినట్లు ఇచ్చటను జరుగవలయును. ఎండలో సైకిలువానికి దుర్భరమైనది కదలిక కాదు, నిలుచుట.

నీడతోపాటు వేళయు ముఖ్యము. మార్చి 15 ప్రాంతమునుండి తెలంగాణమున ఒంటిపూట బడులు నడపుట వాడుక. ఎనిమిదింటికి మొదలై పండ్రెండున్నరకు ముగియును. ఎండనుండి పిల్లలను కాపాడుటకై యేర్పడిన యీ పద్ధతి, సరిగ ఎండ నెత్తిపైకి వచ్చిన వేళ వారిని దారిమీదికి వదలుచున్నది! ఏడింటికి మొదలుపెట్టి పదకొండున్నరలోపల విడిచినచో సైకిలుపై వచ్చు బాలుని కెంత మేలు! గనులలోను అంతే. తొలి షిఫ్టు ముగియువేళ, రెండవ షిఫ్టు మొదలగువేళ ఎండ చల్లారని వేళయే. వేసవి నెలలలో షిఫ్టువేళలను జరుపుటయు, జరుపలేనిచోట ఆ షిఫ్టువారికి బస్సును నడపుటయు, దిగివచ్చినవారికి నీడలో అరగంట విశ్రాంతిస్థలమును నీటిని సమకూర్చుటయు యాజమాన్యపు చేతిలోని పనులు. ఈ సదుపాయములు సొంత ఉద్యోగులకే గాక కాంట్రాక్టుకార్మికులకును సమానముగ నుండవలయునని ప్రత్యేకముగ చెప్పుచున్నాము. 1990 ప్రాంతమున లక్షకు పైబడియున్న సింగరేణి ఉద్యోగులసంఖ్య నేడు నలువదివేల ప్రాంతమునకు దిగినది. దిగినచోట కాంట్రాక్టుకూలీలు వచ్చిరి. సైకిలుపై వచ్చువారిలో వారే యెక్కువ.

నీటివిషయమున బొగ్గుగనులే లోకమునకు పాఠము చెప్పినవి. 1920 ప్రాంతపు దశకమున ఆంగ్లదేశపు లోతైన గనులలో వేడికి చెమటోడ్చు కార్మికులకు కండరములు మెలివెట్టు బాధ కలుగుచుండెను. హాల్డేను, మాస్ అను శాస్త్రజ్ఞులు విచారించి, చెమటతో ఉప్పు పోవుచుండగ వట్టినీరు మాత్రమే త్రాగుట దీనికి కారణమని గుర్తించి, ఉప్పునీరిచ్చి నయము చేసిరి. మన అవ్వలు ఉప్పువేసిన మజ్జిగను, అంబలిని ఇచ్చి పనికి పంపుటలోని యుక్తి యదియే. చలివేంద్రములలో వట్టినీటితోపాటు ఉప్పుమజ్జిగయు నుండినచో, అది కిలోమీటరున కొకటి చొప్పున సైకిలుదారిపైననే యుండినచో, ధర్మమునకు ధర్మము, ప్రాణమునకు ప్రాణము.

ధూళిని మరువరాదు. త్రొక్కువాడు ఊరకున్నవానికన్న రెండుమూడురెట్లు గాలి పీల్చును. గాలితోపాటు బొగ్గుపొడిని, బూడిదను పీల్చును. లారీలపై పట్టా గట్టిగ కప్పుట, గనిదారులపై నీరు చల్లుట, నివాసములమధ్యనుండి బొగ్గులారీలను మరలించుట - ఇవి నియమములలో నున్నవే. అమలు జరిపించువారు కావలయును. ధూళి తగ్గకుండ సైకిలు త్రొక్కుమనుట ఒక చేత మందును, మరొకచేత విషమును ఇచ్చుట.

ధన మెక్కడిదని యడుగుదురు. 2015లో గనులచట్టమునకు జరిగిన సవరణచే గనులుగల ప్రతి జిల్లాయందును జిల్లాఖనిజనిధి యేర్పడినది. గనులవలన బాధపడు గ్రామముల, పట్టణముల బాగుకొరకే యా ధనము. త్రాగునీరు, ఆరోగ్యము, పర్యావరణరక్షణ దానిలో మొదటి యర్హత గలవి. దారులును దానిలో చేరినవే. నీడగల సైకిలుదారి యీ నాల్గింటిని నెరవేర్చును. కేంద్రప్రభుత్వమువారు 2025 సెప్టెంబరున సైకిళ్లపై పన్నును నూటికి 12 నుండి 5కు తగ్గించిరి. రాష్ట్రప్రభుత్వమువారు అదే సంవత్సరము ఏప్రిలున వడగాలిని రాష్ట్రవిపత్తుగ ప్రకటించి, మృతుల కుటుంబములకు 4 లక్షల రూపాయల సహాయమును నిర్ణయించిరి. మంచిపనియే. కాని ఒక కుటుంబపు పోషకుడు చనిపోయినపిమ్మట ఇచ్చు నాలుగులక్షలలో కొంత, అతడు పోవు దారికి ముందుగ నీడ వేయుటకు వెచ్చించినచో నా కుటుంబమున కంతకన్న కావలసినదేమి?

త్రొక్కువారికిని కర్తవ్యము కలదు. మొదటి ఎండలలో దేహము అలవాటుపడుటకు ఒకటిరెండు వారములు పట్టును. ఆ దినములలో వేగము తగ్గింపవలయును. తెల్లని వదులైన నూలుబట్ట, తలకు తడిపిన తువ్వాలు, సీసాలో నీరు, రాత్రిషిఫ్టువారికి వెనుక ఎఱ్ఱదీపము, వానకాలమున మడ్‌గార్డులు, సరియైన బ్రేకులు - ఇవి లేనిది బయలుదేరరాదు. ఉరుము లురుముచుండగ ఒంటిచెట్టుక్రింద నిలువరాదు. తల తిరిగినను, వాంతి వచ్చునట్లున్నను, చెమట యాగినను తక్షణమే దిగి నీడకు చేరవలయును. వయసుమళ్లినవారికి, దూరము పోవువారికి మోటారు తోడ్పాటుగల సైకిళ్లు వచ్చినవి. అవి శ్రమను తగ్గించును గాని ఎండను తగ్గింపవు.

కడపట మా పాఠకులలోని భూస్వాములకును, వర్తకులకును, పట్టణప్రముఖులకును ఒక మాట. మీలో పెక్కురు సైకిలు త్రొక్కువారు కారు; కాని సైకిలుపై వచ్చువారిచే పని చేయించుకొనువారు. మీ దుకాణముముందరి చెట్టును బోర్డు కనబడుటలేదని కొట్టించునదియు, కొట్టింపక నిలుపునదియు మీరే. మీ కూలీని రెండుగంటలకు పిలుచునదియు, ఆరుగంటలకు పిలుచునదియు మీరే. నగరపాలకసంస్థలో దారులకు ధనము కేటాయింపబడునపుడు మాట చెల్లునది మీకే. మోటారుకు వేసినంత దారిలో పదవవంతు సైకిలునకు వేయుడనియు, వేసినదానికి నీడ వేయుడనియు మీరు గట్టిగ అడిగినచో కాదనువారు లేరు.

కావున మా నిర్ణయ మిది. బొగ్గుసీమలో సైకిలు ప్రయాణము సాధ్యమే. సంవత్సరమున నధికభాగము సుకరమే. మండువేసవి మధ్యాహ్నములందు మాత్రము అది సాధ్యమగుట, కాకపోవుట సూర్యుని చేతిలో లేదు. నీడయు, వేళయు, నీరును, వేరుదారియు నెవరి చేతిలో నున్నవో వారి చేతిలో నున్నది. రాబోవు వేసవికి ముందుగనే, నగరపాలకసంస్థవారును, సింగరేణివారును, విద్యుత్సంస్థవారును కలిసి కూర్చుండి, యైటింక్లయిన్ కాలనినుండి గోదావరిఖని చౌరస్తావరకు నొక్క దారినైన నీడగల దారిగ చేసి చూపుదురుగాక. ఒక వేసవి గడచినపిమ్మట దానిపై నెందరు పోయిరో లెక్కింపుడు. అంతవరకు ఈ సీమలో సైకిలు సాగదని తీర్పుచెప్పుటకు ఎవ్వరికిని అధికారము లేదు.